పెద్దవయసు ఆడవారికి బరువులా? – ఆలస్యంగా తేలిన ఒక నిజం

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసమేదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, కాకతీయుల మీదనో విజయనగరం మీదనో రాస్తానని అనుకొని ఉంటారు. ఆ విషయాలు నాకన్నా బాగా రాయగలవారు మన సంఘంలోనే ఉన్నారు. నేను ఎంచుకున్నది రాజుల చరిత్ర కాదు, మనిషి తొడలోని కండ చరిత్ర. అందులోనూ వయసు మళ్ళిన ఆడవారి కండ చరిత్ర. వయసుతోపాటు కరిగిపోయే ఆ కండను మళ్ళీ పెంచవచ్చునా అన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం సరైన జవాబు చెప్పి ఇంకా నలభై ఏళ్ళు కూడా కాలేదంటే నమ్మబుద్ధి కాదు. ఒకరి గుండె తీసి ఇంకొకరికి అమర్చడం 1967లోనే జరిగింది. చంద్రుడి మీద మనిషి 1969లో కాలు మోపాడు. తొంభై ఏళ్ళ ముసలమ్మ చేత కాలితో బరువు ఎత్తిస్తే ఏమవుతుందో లెక్కగట్టి చూసిన ఫలితం మాత్రం 1990లో గాని అచ్చుకాలేదు.

ఈ విషయం మీద నాకు ఆసక్తి కలగడానికి కారణం నా ఉద్యోగమే. సర్వీసులో కొన్నేళ్ళు మెడికల్ రీయింబర్స్‌మెంట్ సీటు చూశాను. ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్లు, డిశ్చార్జి సమ్మరీలు, మందుల షాపు బిల్లులు తిరగేయడమే పని. ఉద్యోగుల తల్లుల పేరనో, పెన్షనర్ల భార్యల పేరనో వచ్చే ఫైళ్ళలో రెండు రకాలు తరచుగా కనిపించేవి. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగినవి ఒక రకం. షుగరు, దాని వెంట వచ్చే కాళ్ళ పుండ్లు, మూత్రపిండాల జబ్బు రెండో రకం. రెండూ వేరువేరు కట్టలు. ఒకటి ఎముకల డాక్టరుది, రెండోది జనరల్ మెడిసిన్ వారిది. ఆ రెండు కట్టలనూ కలిపే దారం ఒకటుందని, అది కండ అని, ఏ కాగితంలోనూ రాసి ఉండేది కాదు. అప్పటికి విదేశాల్లో ఆ సంగతి బయటపడింది గాని, అది మన జిల్లా ఆసుపత్రుల దాకా నడిచి రావడానికి చాలా కాలం పట్టింది.

పూర్వకాలపు సలహా అందరికీ తెలిసిందే. పెద్దతనం వచ్చింది, విశ్రాంతి తీసుకోవాలి. మన ఇళ్ళలో దాన్ని గౌరవంగా చెబుతాం: "ఇంకా మీకెందుకమ్మా పనులు, కూర్చోండి." కోడలు చేతిలోని బిందె లాక్కుంటుంది, మనవడు సంచీ అందుకుంటాడు. అందులో ప్రేమే తప్ప తప్పుబట్టవలసింది లేదు. చిక్కల్లా ఎక్కడంటే, కండకు ప్రేమ అర్థం కాదు. వాడుక ఉంటే నిలుస్తుంది, లేకపోతే కరుగుతుంది.

బరువులతో వైద్యం చేయవచ్చునన్న ఆలోచన మాత్రం కొత్తది కాదు. స్వీడన్ దేశపు వైద్యుడు గుస్తావ్ జాండర్ 1865లో స్టాక్‌హోంలో ఒక సంస్థ తెరిచి, మీటలు, బరువులు ఉన్న యంత్రాలు పెట్టి రోగుల చేత వ్యాయామం చేయించాడు. రోగి బలాన్నిబట్టి బరువును జరుపుకొనే ఏర్పాటు వాటిలో ఉండేది. అవి యూరప్, అమెరికాల్లో ధనికులు వెళ్ళే ఆరోగ్య విడిదులకు పాకి, తరవాత మూలనబడ్డాయి. ఈనాటి జిమ్ముల్లోని యంత్రాలకు అవే ముత్తాతలు.

అసలు మలుపు రెండో ప్రపంచయుద్ధంలో వచ్చింది. షికాగోలోని గార్డినర్ జనరల్ హాస్పిటల్ అనే సైనిక ఆసుపత్రి మోకాళ్ళు దెబ్బతిన్న సిపాయిలతో నిండిపోయింది. అప్పటి పద్ధతి ప్రకారం తేలికపాటి కదలికలు చాలాసార్లు చేయించేవారు. రోగి కోలుకోవడానికి నెలలు పట్టేది, మంచాలు ఖాళీ అయ్యేవి కావు. థామస్ డిలోర్మ్ అనే యువ సైనిక వైద్యుడు ఇందుకు విరుద్ధంగా, ఎక్కువ బరువు కొద్దిసార్లే ఎత్తించాడు. బలం పెరిగినకొద్దీ బరువూ పెంచుకుంటూ పోయాడు. 1945లో ఆ అనుభవాన్ని ఎముకల వైద్యుల పత్రికలో ప్రకటించాడు. తరవాత వాట్కిన్స్ అనే సహచరుడితో కలిసి దానికి క్రమంగా పెంచే భారం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఈ వ్యాసంలో వచ్చే ప్రయోగాలన్నింటికీ పునాది ఆ ఒక్క మాటే. ఎత్తడం ముఖ్యం కాదు, క్రమంగా పెంచుతూ ఎత్తడం ముఖ్యం. అయితే డిలోర్మ్ రోగులు యువకులు, సైనికులు. ముసలమ్మలు ఆయన వార్డులో లేరు.

ఆ తరవాతి నాలుగు దశాబ్దాలు గుండె రాజ్యం ఏలింది. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు సుమారు 31 వేల మంది రవాణా ఉద్యోగులను పరిశీలించి, రోజంతా సీట్లో కూర్చొనే బస్సు డ్రైవర్లకన్నా, రెండంతస్తుల బస్సు మెట్లు ఎక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని 1953లో లాన్సెట్ పత్రికలో తేల్చాడు. చాలా గొప్ప పని. మన ఆర్టీసీ మిత్రులు ప్రత్యేకంగా చదవదగినది. 1968లో అమెరికా వైమానిక దళపు వైద్యుడు కెన్నెత్ కూపర్ 'ఏరోబిక్స్' అనే పుస్తకం రాశాడు. దానితో లోకమంతా పరుగు అందుకుంది. నడక, పరుగు, ఈత మంచివన్న మాట డాక్టర్ల నోట స్థిరపడింది. బరువులు మాత్రం వస్తాదులకు, కండలు చూపించుకునేవారికి మిగిలిపోయాయి. ఈ రోజుకీ మన డాక్టరు "రోజూ అరగంట నడవండమ్మా" అనే దగ్గర ఆగిపోవడానికి వెనక ఈ చరిత్ర ఉంది. నడక మంచిదే. నడక చేయగల పని నడక చేస్తుంది, కండ పెంచే పని దానితో అంతగా కాదు.

ఆడవారి విషయంలో ఇంకొక అడ్డంకి కూడా ఉంది. బరువులెత్తితే మగరాయుడిలా తయారవుతారని ఒక భయం, గర్భసంచికి చేటని ఇంకొక భయం. మన ఫ్యాక్టరీల చట్టం, 1948లోని 34వ సెక్షన్ చూడండి. కార్మికులు మోయదగిన గరిష్ఠ బరువులను పురుషులకు, స్త్రీలకు, పిల్లలకు విడివిడిగా నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. రక్షణ కోసం పెట్టిన నిబంధన, అవసరమైనదే. కాని ఫ్యాక్టరీలో రక్షణగా పనికొచ్చిన భావన ఇంట్లోకి వచ్చి సలహాగా మారితే ఫలితం వేరు. పోటీ క్రీడల్లోనూ అంతే. స్త్రీల ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు మొదటిసారి జరిగింది 1987లో. ఒలింపిక్స్‌లో చోటు దొరికింది 2000లో, సిడ్నీలో. ఆ మొదటి అవకాశంలోనే మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆమే. ఆ రోజు టీవీ ముందు చప్పట్లు కొట్టిన మన ఇళ్ళలో, ఆ మరునాడు అమ్మ చేతిలోని నీళ్ళ బకెట్టు లాక్కోవడం మాత్రం ఆగలేదు.

ఇక వృద్ధుల సంగతి. వయసుతో కండ తగ్గడాన్ని అందరూ చూస్తూనే ఉన్నారు గాని, దానికి పేరంటూ లేదు. ఆఫీసులో సబ్జెక్టు హెడ్డింగు లేని ఫైలు ఏ సెక్షనుకూ చెందదు, ఎవరూ ముట్టుకోరు. ఇదీ అలాగే పడి ఉంది. అమెరికాకు చెందిన ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1989లో దీనికి సార్కోపీనియా అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో మాంసం, లేమి అనే రెండు పదాల కలయిక. పేరు పెడితేనే డాక్టర్లూ, నిధులిచ్చేవారూ పట్టించుకుంటారని ఆయన ఉద్దేశం. ఆయన అంచనా తప్పలేదు గాని, పని మాత్రం మన సెక్షన్ల వేగంతోనే సాగింది. అమెరికా వారి జబ్బుల కోడు పట్టికలో దానికి సొంత నంబరు దక్కింది 2016లో.

ఇప్పుడు బోస్టన్‌కు వద్దాం. ఆ నగరంలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా వార్ధక్యం మీద పరిశోధన జరిపే పోషకాహార కేంద్రం ఉంది. అక్కడ 1988లో అరవై, డెబ్బై ఏళ్ళ మగవారు పన్నెండు మంది చేత పన్నెండు వారాలు బరువులెత్తించి, వారి తొడకండ పెరిగిందని చూపించారు. సరే, అరవై ఏళ్ళ మగవాడిలో ఇంకా చేవ ఉంటుందిలే అని కొట్టిపారేయవచ్చు. మరియా ఫియటరోన్ అనే యువ వైద్యురాలు అక్కడితో ఆగక, ఆ నగరంలోని వృద్ధుల పునరావాస ఆసుపత్రికి వెళ్ళింది. 86 మొదలు 96 ఏళ్ళ వరకు వయసున్న, బలహీనులైన పదిమందిని ఎంచుకుంది. స్త్రీలూ పురుషులూ కలిసే ఉన్నారు. వారికి కీళ్ళవాతం, గుండెజబ్బు, రక్తపోటు వంటివి ఉన్నాయి. ఇలాంటి వారి చేత బరువులెత్తించడమేమిటని ఎవరైనా అడుగుతారు. కాని జాగ్రత్తగా పరీక్షించి, పక్కన ఉండి చేయించారు.

చేయించింది ఒక్కటే. కుర్చీలో కూర్చొని, కాలికి తగిలించిన బరువును మోకాలు చాచి పైకెత్తి, మెల్లగా దించడం. ఒక్కసారికి ఎత్తగలిగే గరిష్ఠ బరువు ఎంతో కొలిచి, దానిలో 80 శాతం పెట్టారు. అంటే పేరుకు వ్యాయామం కాదు, నిజంగా కష్టపడవలసిన బరువు. ఎనిమిదిసార్లు ఎత్తితే ఒక విడత, అటువంటివి మూడు విడతలు, వారానికి మూడు రోజులు, ఎనిమిది వారాలు. బలం పెరిగినకొద్దీ బరువు పెంచారు. పదిమందిలో తొమ్మిదిమంది చివరివరకు చేశారు. వారి కాలిబలం సగటున 174 శాతం పెరిగింది. స్కానింగులో తొడకండ 9 శాతం పెరిగినట్టు కనిపించింది. ఒక అడుగు ముందు మరొక అడుగు ఆనించి నడిచే నడకలో వేగం 48 శాతం పెరిగింది. 1990 జూన్‌లో అమెరికా వైద్యసంఘం పత్రిక దీన్ని అచ్చువేసింది.

ఇందులో నాకు మిక్కిలి నచ్చిన అంకె ఇంకొకటుంది. ఎనిమిది వారాలయ్యాక వ్యాయామం మాన్పించి నాలుగు వారాల తరవాత మళ్ళీ కొలిచారు. వచ్చిన బలంలో గణనీయమైన భాగం కరిగింది, గరిష్ఠ బలం 32 శాతం పడిపోయింది. పొగిడే అంకెలతోపాటు ఈ అంకెను కూడా దాచకుండా రాశారు కాబట్టే ఆ పరిశోధన మీద నమ్మకం కుదురుతుంది. ఇది ఒకసారి కట్టి ఊరుకునే ప్రీమియం కాదు, నెలనెలా కట్టవలసినది.

పదిమందితో తేలినదాన్ని ఎవరు నమ్ముతారు? అందుకని అదే బృందం నూరుమందితో మళ్ళీ చేసింది. సగటు వయసు 87, వారిలో 63 మంది స్త్రీలు. నాలుగు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు బరువులు, ఒక జట్టుకు బలవర్ధకమైన పానీయం, ఒక జట్టుకు రెండూ, ఒక జట్టుకు రెండూ లేవు. పది వారాల తరవాత బరువులెత్తినవారి బలం 113 శాతం పెరిగింది, ఎత్తనివారిది 3 శాతం. మెట్లు ఎక్కే శక్తి, నడక వేగం కూడా పెరిగాయి. పానీయం ఒక్కటే తాగినవారికి అటువంటి లాభమేమీ కలగలేదు. ఇది 1994లో వెలువడింది. ఇంట్లో పెద్దావిడ నీరసంగా ఉందనగానే డబ్బా పొడి కొనుక్కొచ్చి పాలలో కలిపి ఇచ్చే మనవంటి వారు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి.

అదే సంవత్సరం, అదే కేంద్రం నుంచి, మిరియమ్ నెల్సన్ అనే శాస్త్రవేత్త పూర్తిగా స్త్రీలతోనే జరిపిన పరిశోధన వచ్చింది. ముట్లుడిగిన, 50 నుంచి 70 ఏళ్ళ స్త్రీలు నలభైమంది. సగంమంది వారానికి రెండే రోజులు చొప్పున ఏడాదిపాటు బరువులెత్తారు. తక్కినవారు మామూలుగా ఉన్నారు. ఏడాది చివర ఎత్తినవారి తుంటి ఎముక మెడ, నడుము ఎముకల సాంద్రత దాదాపు ఒక శాతం పెరిగితే, ఎత్తనివారిలో సుమారు రెండు శాతం తగ్గింది. ఎముకతోపాటు కండ, బలం, తూకం తప్పకుండా నిలబడే శక్తి, అన్నీ ఒకే మందుతో మెరుగయ్యాయి. ఎముకకు వాడే ఏ మాత్రా తూకం తప్పకుండా నిలబెట్టదు. తూకం తప్పి పడితేనే కదా తుంటి విరిగేది.

ఇంతవరకు చెప్పింది మొదటి కట్ట ఫైళ్ళ సంగతి. ఇక రెండో కట్ట, షుగరు.

ఇన్సులిన్ 1921లో కనిపెట్టారు. దానితో చక్కెర జబ్బంతా ఇన్సులిన్ లోపమే అనుకున్నారు. లండన్‌లో హేరాల్డ్ హిమ్స్‌వర్త్ అనే వైద్యుడు 1936లో అది పూర్తి నిజం కాదని చూపించాడు. కొందరు రోగులకు ఇన్సులిన్ ఇస్తే చక్కెర చప్పున దిగుతుంది, మరికొందరికి, ముఖ్యంగా పెద్దవయసు వారికి, దిగదు. ఇన్సులిన్ ఉంది గాని శరీరం దాని మాట వినడం లేదు. వినవలసింది ఎవరు అన్న ప్రశ్న చాలాకాలం తేలలేదు. 1981లో రాల్ఫ్ డిఫ్రాంజో బృందం రక్తంలో ఇన్సులిన్‌నూ చక్కెరనూ స్థిరంగా ఉంచే ఒక పద్ధతితో, కాలి రక్తనాళాల్లో కొలిచి, ఇన్సులిన్ ప్రభావంతో రక్తం నుంచి బయటికి వెళ్ళే చక్కెరలో అత్యధికభాగం చేరేది కండలోకేనని చూపించింది. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. దాన్ని సర్దుకోవలసిన పెద్ద గాదె కండ. గాదె చిన్నదైపోతే ధాన్యం వాకిట్లో పడి ఉంటుంది. వాకిట్లో ఉన్న ధాన్యమే రక్తంలోని షుగరు.

బరువెత్తడం వల్ల ఇందులో రెండు లాభాలు ఉన్నాయి. కండ కష్టపడినప్పుడు చక్కెరను లోపలికి తీసుకునే తలుపులు ఇన్సులిన్ పిలుపు లేకుండానే తెరుచుకుంటాయి. ఇది వెంటనే కలిగే లాభం, ఒకటి రెండు రోజులు ఉండి పోయేది. రెండోది, కండే పెరిగితే గాదే పెరుగుతుంది. ఇది నిదానంగా వచ్చి నిలిచే లాభం.

కాగితం మీద బాగానే ఉంది, రోగుల్లో ఏమైందంటారా? 2002లో రెండు పరిశోధనలు ఒకే పత్రికలో వెలువడ్డాయి. బోస్టన్‌లో కార్మెన్ కాస్టనేడా బృందం, షుగరు ఉన్న 62 మంది లాటిన్ అమెరికా సంతతి పెద్దలను తీసుకుంది. సగటు వయసు 66, మూడింట రెండువంతుల మంది స్త్రీలు. పదహారు వారాలు బరువులెత్తిన వారిలో, మూడు నెలల షుగరును చూపే హెచ్‌బీఏ1సీ 8.7 నుంచి 7.6కు దిగింది, ఎత్తనివారిలో మార్పు లేదు. ఎత్తినవారిలో 72 శాతం మందికి డాక్టర్లు షుగరు మందు మోతాదు తగ్గించగలిగారు. ఆస్ట్రేలియాలో డేవిడ్ డన్‌స్టన్ బృందం 60 నుంచి 80 ఏళ్ళ, బరువు ఎక్కువున్న షుగరు రోగులు 36 మందిలో, ఆహార నియమానికి బరువులు జోడిస్తే ఆరు నెలల్లో ఆ అంకె 1.2 తగ్గిందనీ, నియమం ఒక్కటే ఉన్నవారిలో 0.4 తగ్గిందనీ తేల్చింది. ఆ తరవాత వారిని ఇంటికి పంపి సొంతంగా చేసుకోమన్నారు. బలం, కండ నిలిచాయి గాని షుగరు లాభం నిలవలేదని అదే బృందం 2005లో రాసింది. ఇంట్లో చేసేటప్పుడు బరువు, పట్టుదల రెండూ తగ్గుతాయి కాబోలునని నా ఊహ. మన ఆఫీసుల్లో కూడా ఇన్‌స్పెక్షన్ ఉన్న నెలలో జరిగే పని వేరు కదా!

మనవారి విషయంలో ఇది మరింత ముఖ్యం. పుణే కె.ఇ.ఎం. ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యడ్కిన్ కలిసి నిలబడిన ఫొటో ఒకటి 2004లో లాన్సెట్‌లో అచ్చయింది. ఎత్తుకు తగిన బరువును సూచించే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. కాని శరీరంలో కొవ్వు యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. తాను సన్నగానే ఉన్నానని నమ్మే భారతీయుడి చర్మం కింద కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అని ఆ వైద్యుడు తనమీద తానే చూపించాడు. ఇద్దరూ మగవారే. మన ఆడవారి లెక్క ఇంతకన్నా మెరుగ్గా ఉంటుందని అనుకోవడానికి కారణం కనబడదు. దేశంలో షుగరు ఉన్నవారు పదికోట్లు దాటారని ఐసీఎంఆర్ వారి సర్వే 2023లో ప్రకటించింది.

"మా అమ్మమ్మలు ఏ జిమ్ముకి వెళ్ళారండీ?" అని అడిగేవారు ఉంటారు. నిజమే. రోకలి పోటు, తిరగలి విసరడం, రుబ్బురోలు, నూతిలోంచి చేద, చంకన బిందె, ఇవన్నీ బరువులే. వరిమిల్లు వచ్చి దంపుడు పోయింది, పిండిమర వచ్చి తిరగలి పోయింది, గ్రైండరు, కుళాయి, గ్యాసు పొయ్యి వచ్చి మిగిలినవి పోయాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకంతో గ్యాసు పల్లెల్లోకి కూడా వెళ్ళింది. పొగ తగ్గింది, సంతోషించదగినదే. ఆ పాత చాకిరీని ఆకాశానికెత్తేవారితో మాత్రం నాకు పేచీ ఉంది. అరకొర తిండితో, విశ్రాంతి లేకుండా, బాలింతరాలిగా ఉన్నప్పుడు కూడా చేసిన ఆ పని ఎంతమంది నడుములు వంచిందో మనకు తెలుసు. అది వ్యాయామం కాదు, వెట్టి. వ్యాయామంలో తిండి ఉంటుంది, మధ్యలో విశ్రాంతి దినం ఉంటుంది, బలాన్నిబట్టి బరువు పెరుగుతుంది. ఈ కాలపు ఇంటిపని సంగతా, రోజంతా నిలబెడుతుంది, అలసట మిగులుస్తుంది, కండను మాత్రం పెంచదు. అందుచేత "ఇంటిపనే నాకు ఎక్సర్‌సైజు" అనే మాట ఒప్పుకోలేను.

మా ఇంట్లో ఆవిడ కూడా మొదట ఆ మాటే అన్నది. "ఈ వయసులో నాకు బరువులేమిటండీ, నలుగురూ నవ్విపోతారు" అన్నది. ఆమెకు డెబ్బై ఒకటి, పన్నెండేళ్ళుగా షుగరు ఉంది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఇంటికి వచ్చి చూపించాక మొదలుపెట్టింది. చేతుల్లేని కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, తరవాత నీళ్ళు నింపిన లీటరు సీసాలు, ఆ తరవాత రెండు కిలోల ఇసుక సంచులు కాళ్ళకు. ఏడాదిన్నర అయింది. షుగరు మందు మానలేదు, మోతాదు కూడా పెద్దగా మారలేదు. కాని పూజ దగ్గర నేలమీద కూర్చుంటే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేస్తోంది. మాకు సంబంధించినంతవరకు ఇది చిన్న సంగతి కాదు. సాధారణంగా మగవాడు ముందు పోతాడు, ఆ తరవాత ఫామిలీ పెన్షనుతో ఆడమనిషి ఒంటరిగా కొన్నేళ్ళు బతకవలసి ఉంటుంది. పిల్లలు ఏ ఊళ్ళోనో, ఏ దేశంలోనో ఉంటారు. పెన్షను బ్యాంకులో పడుతుంది, మరుగుదొడ్డిలోంచి లేపే మనిషిని ఏ ట్రెజరీ పంపదు. ఆ రోజు కోసం మేమిద్దరం ఇప్పుడే మాట్లాడుకొని చేస్తున్న ఏర్పాటు ఇది.

కథ బోస్టన్‌తో ఆగలేదు. ఎముక గుల్లబారిన స్త్రీలు బరువు ముట్టుకోరాదన్న భయం ఇంకా మిగిలే ఉంది. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయంలో బెలిండా బెక్ బృందం దాన్నే పరీక్షకు పెట్టింది. ఎముక సాంద్రత తగ్గిన, ముట్లుడిగిన 101 మంది స్త్రీలు. ఒక జట్టు చేత వారానికి రెండుసార్లు అరగంట చొప్పున ఎనిమిది నెలలు నేలమీది బరువు ఎత్తడం, భుజాల మీద బరువుతో గుంజీళ్ళు, తలపైకి ఎత్తడం వంటివి నిపుణుల కళ్ళెదుట చేయించారు. రెండో జట్టు ఇంటివద్ద తేలికపాటి వ్యాయామం చేసింది. 2018లో అచ్చయిన ఫలితం ప్రకారం నడుము ఎముక సాంద్రత మొదటి జట్టులో 2.9 శాతం పెరిగింది, రెండో జట్టులో 1.2 శాతం తగ్గింది. నిపుణుల కళ్ళెదుట అన్న మాటను అడ్డగీత గీసుకొని చదవండి. యూట్యూబు చూసి మనంతట మనం చేయదగినది కాదది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే వారానికి కనీసం రెండు రోజులు కండబలం పెంచే వ్యాయామం చేయాలన్నది. 2020 నాటి మార్గదర్శకాల్లో అరవై అయిదు దాటినవారికి బలం, తూకం రెండూ సాధించే వ్యాయామం వారానికి మూడు రోజులైనా ఉండాలని చేర్చింది. తిండి విషయంలో మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు సిఫారసు చేసింది. 55 కిలోల ఆవిడకు సుమారు 46 గ్రాములు. ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మజ్జిగన్నంతో ఆ లెక్క కుదరదు. పప్పు గరిటెడు ఎక్కువ, పెరుగు, శనగలు, తినేవారికి గుడ్డు, చేప కావాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా పెంచరాదు. అలాగే గుండెనొప్పి, అదుపులేని రక్తపోటు, ఈమధ్యే కంటి ఆపరేషను అయినవారు, షుగరు వల్ల కంటిపొర దెబ్బతిన్నవారు డాక్టరు అనుమతి లేకుండా బరువు ఎత్తరాదు. ఇన్సులిన్‌గాని, షుగరు బాగా దించే మాత్రలుగాని వాడేవారికి వ్యాయామం వల్ల షుగరు మరీ పడిపోవచ్చు. ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు.

చివరగా సంఘం కార్యవర్గానికి ఒక మనవి. ఏటా పెన్షనర్ల దినోత్సవానికి మనం వైద్యశిబిరం పెడుతున్నాం. రక్తపోటు, షుగరు చూసి పంపేస్తున్నాం. కాలిఫోర్నియాలో రిక్లీ, జోన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1999లో స్థిరపరిచిన పరీక్ష ఒకటుంది. చేతులు రొమ్ముమీద కట్టుకొని, 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టడం, అంతే. అమెరికా లెక్క ప్రకారం 70 నుంచి 79 ఏళ్ళ స్త్రీ పదిసార్లకన్నా తక్కువ లేస్తే కాళ్ళబలం తగ్గినట్టు. మన అంకెలు కొంత వేరుగా ఉండవచ్చు, అయినా ఏటా రాసి పెట్టుకుంటే ఎవరిది పెరుగుతోందో, ఎవరిది తరుగుతోందో తెలుస్తుంది. ఫామిలీ పెన్షనర్లయిన సోదరీమణులనూ, సభ్యుల భార్యలనూ ముందు పిలవాలని నా కోరిక. పక్కన ఒక మనిషి నిలబడి ఉండాలి, కుర్చీ వెనక గోడ ఉండాలి. రిజిస్టరు రాసే పని నాకు అప్పగిస్తే చేస్తాను. కుర్చీలు సంఘం హాలులో ఉన్నవే సరిపోతాయి, చక్రాలవి మాత్రం పనికిరావు.